అబ్బురమునకు తెలుగు కరవా?

హొసూరున చంద్రచూడేశ్వరుని తేరు కదలినను, కృష్ణగిరిలో మామిడి విరగగాచినను మన యువకుల నోట వెలువడునది ఒక్కటే మాట: ‘మైండ్‌బ్లోయింగ్’! 1960ల దశకమున అమెరికాలో మత్తుమందుల ముచ్చటలతో వ్యాప్తికి వచ్చిన మాట యిది.

తేరును చూచి అబ్బురపడుదుము; కాపును చూచి ముక్కున వ్రేలిడుకొందుము; ఊహింపని వార్త విని నివ్వెరపోవుదుము. ఇన్ని భేదములను ఆ యొక్క మాట మ్రింగివేయుచున్నది.

బడులలో తమిళమును నిర్బంధము చేసిన 2006 నాటి చట్టమువలన తెలుగు వెనుకబడినదని మొఱపెట్టుట న్యాయమే. కాని ఈ మాటను మన నోట పెట్టిన చట్టమేది? ఇంట విడిచిన తెలుగును బడిలో నేర్పుడని ఏ మొగముతో అడుగుదుము? తల్లిదండ్రులారా, నేటి రాత్రి భోజనము వేళనే బిడ్డలకు ‘అబ్బురము’ నేర్పుడు!