తెరిచిన డ్రైవర్, మూసిన ఫర్మ్‌వేర్

డెబియన్ ప్రాజెక్టు 1997లో ఆమోదించుకున్న సామాజిక ఒప్పందంలోని మొదటి అంశం, ఆ ఆపరేటింగ్ సిస్టమ్ నూటికి నూరుపాళ్లూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే కొనసాగుతుందన్న హామీ. అదే ప్రాజెక్టు సభ్యులు 2022లో ఓటింగ్ జరిపి, అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడు రెట్లు ఉండాలన్న కఠిన నిబంధనను దాటుకొని, ఆ ఒప్పందంలోని అయిదో అంశాన్ని సవరించారు. సోర్స్ కోడ్ వెల్లడి కాని, అంటే మూసిన, ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఉంచవచ్చన్నది సవరణ సారాంశం. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12తో ఇది అమల్లోకి వచ్చింది. ఉబుంటు మొదలుకొని మన సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ వరకు అనేక వ్యవస్థలకు డెబియనే పునాది కాబట్టి ఈ నిర్ణయాన్ని ఒక సంస్థ ఇంటి వ్యవహారంగా చూడడానికి వీల్లేదు.

వివాదం అర్థం కావాలంటే తరచూ కలిపి మాట్లాడే రెండింటిని ముందుగా విడదీయాలి. డ్రైవర్ అంటే ఒక పరికరంతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిపే ప్రోగ్రామ్. అది కంప్యూటర్ ప్రధాన ప్రాసెసర్ మీద, సాధారణంగా వ్యవస్థ గుండెకాయ అయిన కెర్నెల్ లోపలే నడుస్తుంది కనుక మెమరీలోని సమస్తం దాని అందుబాటులో ఉంటుంది. ఫర్మ్‌వేర్ నడిచేది పరికరంలోనే ఇమిడి ఉన్న చిన్న ప్రాసెసర్ మీద. మూసిన డ్రైవర్ వల్ల కలిగే నష్టం ప్రత్యక్షం: దాన్ని లోడ్ చేసిన మరుక్షణం లినక్స్ కెర్నెల్ తనను తాను కళంకితమైనదిగా గుర్తు వేసుకుంటుంది, ఆ గుర్తుతో వచ్చే లోపాల ఫిర్యాదులను కెర్నెల్ రచయితలు సాధారణంగా పట్టించుకోరు. ఈ తేడా ఆధారంగానే ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్, కెర్నెల్‌లోకి మూసిన కోడ్‌ను ససేమిరా రానివ్వకపోయినా, పంపిణీకి అనుమతి ఉన్న ఫర్మ్‌వేర్‌ను అంగీకరిస్తుంది. రిచర్డ్ స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దాన్ని కూడా ఒప్పుకోదు.

డెబియన్‌ను కదిలించింది సిద్ధాంతం కంటే వాడుకరుల ఇక్కట్లే. కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్ నడపగానే వైఫై చిప్‌కు ఫలానా ఫైలు కావాలి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి అందించండి అన్న సందేశం వచ్చేది. ఫైలు తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే ఆ ఫైలు కావాలి. ఫర్మ్‌వేర్‌తో కూడిన ఇన్‌స్టాలర్‌ను అనధికారికంగా తయారుచేసి ఓ మూల ఉంచేవారు, చాలామంది దాన్నే వెతికి వాడేవారు. సౌండ్ చిప్‌లకు కూడా ఫర్మ్‌వేర్ అవసరం కావడంతో, తెర మీది మాటలను చదివి వినిపించే సదుపాయం మీద ఆధారపడే అంధులు ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టలేని పరిస్థితి వచ్చింది. స్వేచ్ఛ పేరిట వారిని గుమ్మం బయటే నిలబెట్టిన విధానానికి సమర్థన దొరకడం కష్టం. ఇప్పుడు ఆ ఫైళ్లను ప్రత్యేక విభాగంలో ఉంచి, ఇన్‌స్టాలర్ వేటిని వాడిందో వాడుకరికి చెప్పి, వద్దనుకుంటే ఆపే వీలు కూడా కల్పించారు.

ఫౌండేషన్ వాదంలోనే ఒక మెలిక ఉంది. పరికరంలోని సహాయక ప్రాసెసర్‌లో ముందే నింపేసి, కొన్న తర్వాత మార్చే ఉద్దేశం లేని ప్రోగ్రామ్‌ను అది హార్డ్‌వేర్‌తో సమానంగా పరిగణించి మినహాయిస్తుంది. అదే ప్రోగ్రామ్ డిస్కు నుంచి లోడ్ అయితే తప్పు పడుతుంది. ప్యూరిజం సంస్థ 2018లో తన లిబ్రెమ్ 5 ఫోన్ కోసం ప్రకటించిన ఏర్పాటు దీనికి మంచి ఉదాహరణ: మెమరీని సిద్ధం చేసే మూసిన కోడ్‌ను తప్పించుకోలేక, దాన్ని విడిగా ఒక ఫ్లాష్ చిప్‌లో పెట్టి, ప్రధాన ప్రాసెసర్‌కు బదులు సహాయక ప్రాసెసర్ చేత నడిపించాలని తలపెట్టింది. ఒక్క అక్షరమైనా మారని కోడ్ చోటు మారినంత మాత్రాన మడి కట్టుకున్నట్లయింది. ఫ్లాష్ చిప్ ఖర్చు మిగుల్చుకోవడానికే తయారీదారులు ఫర్మ్‌వేర్‌ను డిస్కుకు తరలిస్తున్న కాలంలో, ఇలాంటి గీత నైతికత కంటే విడిభాగాల లెక్కను ఎక్కువగా అనుసరిస్తుంది.

ఇంతకంటే లోతైన మార్పు గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్‌విడియా విషయంలో కనిపిస్తుంది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ వేదిక మీద బహిరంగంగా దుమ్మెత్తిపోసిన ఆ సంస్థ, 2022 మేలో తన లినక్స్ డ్రైవర్‌లోని కెర్నెల్ మాడ్యూళ్ల సోర్స్ కోడ్‌ను విడుదల చేసినప్పుడు చాలామంది దాన్ని విజయంగా జమకట్టారు. అయితే అవి పనిచేసేది 2018 నాటి ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డుల మీదే. ఎందుకంటే ఆ కార్డుల్లో జీఎస్‌పీ అనే ప్రత్యేక ప్రాసెసర్ ఉంది, ఇదివరకు డ్రైవర్ చేసిన పనిలో అధిక భాగం ఇప్పుడు దాని మీద నడిచే పదుల మెగాబైట్ల మూసిన ఫర్మ్‌వేర్‌కు చేరింది. డ్రైవర్ తెరుచుకున్నది లోపలి సరుకును వేరే గదికి మార్చిన తర్వాతే. పైగా ఆ ఫర్మ్‌వేర్ మీద సంస్థ డిజిటల్ సంతకం లేకపోతే చిప్ దాన్ని స్వీకరించదు. ఈ సంతకం షరతు 2014 నాటి కార్డులతోనే మొదలై, స్వచ్ఛంద రచయితల నూవో డ్రైవర్‌ను కార్డు వేగం పెంచనీయకుండా ఏళ్ల తరబడి కట్టిపడేసింది. ఆ చిక్కు వీడింది కొత్త కార్డుల విషయంలోనే, అదీ కంపెనీ ఇచ్చిన జీఎస్‌పీ ఫర్మ్‌వేర్‌నే నూవో వాడుకోవడం వల్ల.

కాబట్టి ఫైలు ఎక్కడ ఉందన్న తర్కం కంటే, దాన్ని మార్చే తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకే బరువు ఎక్కువ. 2018 జనవరిలో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ఇంటెల్ ప్రాసెసర్లకు మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ అంతర్గత నడకను నిర్దేశించే ఫర్మ్‌వేర్, సవరణలు వచ్చాయి. మూసిన కోడ్‌ను పంపిణీ చేయని వ్యవస్థలు వాటిని ఇవ్వలేదు. ఫలితంగా వాటి వాడుకరుల ప్రాసెసర్లలో పుట్టుకతో వచ్చిన, అంతే మూసిన మైక్రోకోడ్ లోపంతో సహా మిగిలింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంటెల్ పెన్రిన్, వుల్ఫ్‌డేల్ వంటి కొన్ని పాత తరాలకు ఆ సవరణల తయారీ ఆపేసింది. మైక్రోకోడ్ రూపం రహస్యం, సంతకం కంపెనీది మాత్రమే కావడంతో, ఆ యంత్రాలకు మైక్రోకోడ్ మరమ్మతు చేసే అవకాశం డెబియన్‌కూ లేదు, ఫౌండేషన్‌కూ లేదు.