గడప దాటకముందే ఒక ఫోటో

రెండేళ్ల కిందట మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, జేజివాళ్ల మిద్దె ఫోటో ఒకటుంటే పంపు. పాపకు స్కూల్లో 'మా తాతల ఇల్లు' అని ప్రాజెక్టు ఇచ్చినారు. రేపే కట్టాల."

ఐదు నిమిషాల పని అనుకున్నా. రాత్రి పదకొండు దాకా గ్యాలరీ వెతుకుతూనే ఉన్నా. నా ఫోన్‌లో, డ్రైవ్‌లో కలిపి 11,000 ఫోటోలున్నాయి. ఒక్క గండికోట లోయవే 300 పైచిలుకు. ఉదయం లోయ, సాయంత్రం లోయ, లోయ అంచున నేను, లోయ అంచున నా షూస్. జమ్మలమడుగులో మా జేజి ఇల్లు మాత్రం లేదు. ప్రతి ఎండాకాలం సెలవుల్లో పడుకుని లేచిన ఇల్లు. చివరికి ఒకటి దొరికింది. ఎవరిదో పుట్టినరోజు, కేకు మీద కొవ్వొత్తులు. లైట్లు ఆర్పేశాం కాబట్టి వెనకాల వీధి తలుపు నల్లటి నీడలా ఉంది. అంతే.

ఆ ఇల్లు మేమే అమ్మేశాం. కొన్నవాళ్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. ఇల్లెక్కడికి పోతుందిలే అనుకున్న నాదే తప్పు.

అప్పటి నుంచి వీలు దొరికినప్పుడల్లా మా జిల్లాలోని మూడు ఊళ్లు నడిచి తిరుగుతున్నా. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల. పెద్ద కెమెరా లేదు. ఫోన్, నీళ్ల సీసా, నెత్తిన టోపీ. ఈ వారం ఆ నడకల కథే.

లోయ ఎక్కడికీ పోదు

మన వైపు ట్రావెల్ ఫోటో అంటే గండికోటే. తప్పేం లేదు, చూసి తీరాల్సిన చోటు. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న చేసిన ఆ లోయ, పెమ్మసాని నాయకులు ఏలిన కోట, లోపల మాధవరాయ ఆలయం, దానికి కూతవేటు దూరంలో జామియా మసీదు, ధాన్యాగారం. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. అన్నట్టు ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే చిక్కుల్లో పడతారు.

కానీ ఒకటి గమనించారా? అందరూ అదే రాతి మీద నిలబడి అదే ఫోటో తీస్తారు. మీరు తీయకపోయినా ఆ లోయకు వచ్చిన నష్టం లేదు. వందేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటుంది. దానికి సుమారు 15 కిలోమీటర్ల ఇవతల, మీరు బస్సు మారే జమ్మలమడుగులో, పాత వీధిలో ఉన్న మిద్దె మాత్రం వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో చెప్పలేం.

పేరులోనే పొద్దు

ప్రొద్దుటూరును మావాళ్లు పొద్దుటూరు అనే అంటారు. ఈ ఊరు నడవాలంటే పొద్దు పొడిచే వేళకే మొదలుపెట్టాలి. ఎండాకాలం తొమ్మిది దాటితే మాడు పగిలిపోతుంది. ఆ ఎండలో ఫోటోలూ బాగుండవు, మొహాల మీద నల్లటి నీడలే.

నేను అగస్త్యేశ్వర ఆలయం నుంచి మొదలుపెడతా. పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' రాసింది ఈ గుడి ప్రదక్షిణలు చేస్తూనే అంటారు. అక్కడి నుంచి అమ్మవారిశాల మీదుగా బంగారు అంగళ్ల వైపు. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ఈ ఊరిని రెండో బొంబాయి అని కూడా అంటారు. దసరాకైతే ఇక్కడ కాలు పెట్టే సందుండదు. మామూలు రోజుల్లో తెల్లవారుజామున మాత్రం దించిన షట్టర్లు, నీళ్లు చల్లుతున్న గడపలు, పెనం మీద ఎర్రకారం పూసిన దోసె వాసన. ఫోన్ తీయక ముందు ఒక దోసె తినండి. రెండు పనులు ఒకేసారి చేస్తే రెండూ చెడతాయి.

ఒక సందులో బంగారు పని చేసే గది కనబడింది. ఊదుగొట్టం, నిప్పు, మెరుస్తున్న తీగ. ఆశ ఆగక గుమ్మంలోంచే ఫోన్ ఎత్తాను. లోపలి నుంచి గట్టిగా వినబడింది: "సామీ, అడగాల్నా వద్దా?"

సిగ్గేసింది. సారీ చెప్పి ఫోన్ జేబులో పెట్టుకున్నా. లోపల ఇంకొకరి బంగారం ఉంటుంది. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, సరుకు ఎక్కడ పెడతారు అనేది నా స్టోరీలో పడితే నాకు నాలుగు లైకులు, ఆయనకు నిద్ర లేని రాత్రులు. అదే మాట ఆయనతో అన్నా. కాసేపు నా వైపు చూసి, "చేతులు తీసుకో. మొగం వద్దు, గది వద్దు" అన్నాడు. ఆ రోజు నేను తీసిన వాటిలో మంచి ఫోటో అదే. నల్లబడిన వేళ్లు, వాటి మధ్య వెంట్రుకంత తీగ.

ఏటవాలు వెలుగులో అక్షరాలు

ఇక్కడ నడకకు అందని ఒక చోటు చెప్పాలి. ఎర్రగుంట్ల మండలంలో కలమల్ల. బస్సో ఆటోనో పట్టుకోండి. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఈ ఊరిదే. సుమారు క్రీ.శ. 575 నాటిది. మనకు దొరికిన మొదటి తెలుగు శాసనంగా చెబుతారు.

పాత శాసనాలను మిట్టమధ్యాహ్నం ఫోటో తీస్తే ఏమీ కనబడదు, బండ బండలాగే ఉంటుంది. ఉదయమో సాయంత్రమో వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడినప్పుడు, అరిగిన గాట్లలో సన్నటి నీడలు నిలుస్తాయి. అప్పుడు అక్షరాలు లేచి కూర్చుంటాయి. నీడలో ఉన్న రాయైతే స్నేహితుడి ఫోన్ టార్చిని రాతికి ఆనించినట్టు ఒక పక్కన పట్టించి, మీరు ఎదురుగా నిలబడి తీయండి. మీ ఫోన్ ఫ్లాష్ వద్దు, అది నీడలన్నీ చెరిపేస్తుంది. అక్షరాలు బాగా కనబడాలని సుద్దముక్కతో రుద్దడం, పిండి పూయడం అస్సలు చేయకండి. ఇప్పటికే అరిగిన రాయి అది.

అవ్వ అడిగిన ఫోటో

జమ్మలమడుగులో నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి, లండన్ మిషన్ వాళ్లు కట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి రాతి కట్టడాలు చూశాక పాత వీధుల్లోకి తిరిగా. ఇక్కడ ఎటు చూసినా బండలే. గచ్చు, అరుగు, గూడు, ప్రహరీ, అన్నిటికీ మా నాపరాయే. ముంబైలో వంటింటి గట్టుకు వేసే నల్లరాయిని ఈనాటికీ 'కడప్పా' అంటారు. అది మన ఊరి పేరే!

మిద్దె సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మందపాటి గోడలు, పైన కొయ్య దంతెలు, వాటి మీద బండలు, ఆపైన చవుడు మట్టి. వానలకు ముందు కొత్త మట్టి వేసి సరిచేసుకోవాలి. నడిమింట్లో వెలుగు కోసం పైన గవాక్షం. ఎండాకాలం చల్లగా ఉంటుంది. కానీ ఏటా ఆ మట్టి మోసేదెవరు? అందుకే స్లాబు వేసుకుంటారు. వాళ్లను వద్దనడానికి నేనెవర్ని?

అలాంటి ఒక మిద్దె ముందు ఆగాను. పోయిన ఫిబ్రవరిలో. అరుగు మీద అవ్వ.

"ఏం నాయనా, ఏంది చూస్తాండావు?"

"మిద్దె బాగుందవ్వా. ఒక ఫోటో తీసుకోవచ్చా?"

"పాత కొంప, దీంట్లో ఏముందని? ఉగాది అయినాక పడగొట్టి స్లాబు వేస్తాండారు మా పిల్లోళ్లు." కాసేపాగి, "అట్లయితే నన్ను గూడ నిలబెట్టి తీయి. నలభై ఏండ్లు ఈ గడపకు పసుపు రాసినా" అంది. లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. తీశాక ఒకే ప్రశ్న: "ఆ ఫోను నాకు రాదు. నాకెట్లిస్తావు?"

ప్రింటు వేయించి తెస్తానన్నా. తెచ్చేసరికి ఉగాది దాటింది. ఇంటి స్థలంలో బండల కుప్ప, దాని పక్కన గోడకు ఆనించిన తలుపు చెక్కలు. అవ్వ ఎదురింట్లో బాడుగకు ఉంది. ఫోటో చేతికిస్తే కళ్లకు దగ్గరగా పెట్టుకుని, గడప మీద వేలు పెట్టి, "పసుపు కనబడతాంది చూడు" అంది.

మా జిల్లా పేరే గడప నుంచి వచ్చిందంటారు, తిరుమల కొండకు ఇది గడప అని. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నా. గడప అంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఆ రోజే.

అదే చోట మళ్లీ నిలబడి

పులివెందుల నడక వేరు. రంగనాథస్వామి గుడి పాతది, దాని చుట్టూ ఊరు మాత్రం కొత్తగా మారిపోయింది. వెడల్పు రోడ్లు, కొత్త భవనాలు. పాతది వెతుక్కోవాలి. ఇక్కడ నేను వేరే ఆట ఆడతా. తెలిసినవాళ్ల ఇళ్లలో పాత పెళ్లి ఆల్బమ్‌లు అడిగి, వాటిలో వీధి కనబడే ఫోటోను నా ఫోన్‌తో తీసుకుంటా. పూలంగళ్ల సర్కిల్ దగ్గరో, గుడి ముందో ఆ ఫోటోగ్రాఫర్ ఎక్కడ నిలబడి ఉంటాడో వెతికి, సరిగ్గా అక్కడి నుంచే మళ్లీ తీస్తా. రెండూ పక్కపక్కన పెడితే ఏ రీల్ చూపించనిది కనబడుతుంది.

ఇది నా ఆలోచన కాదు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపీని మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీద ఫోటోలు తీశాడు. 1983లో జాన్ గాలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ అవే చోట్ల నిలబడి మళ్లీ తీశాడు. ఆ మధ్యకాలంలో ఏది పడిపోయిందో, ఏది నిలిచిందో జత ఫోటోలే సాక్ష్యం చెబుతాయి. ఇక పారిస్‌లో యూజీన్ అట్జే దాదాపు 30 ఏళ్లు బరువైన కెమెరా మోస్తూ పాత వీధులు, గుమ్మాలు, మెట్లు తీసుకుంటూ పోయాడు. మన జేబులో ఉన్నది అంత బరువు కూడా లేదు.

బయల్దేరే ముందు

ముందు లెన్స్ తుడవండి. తలుపులు, స్తంభాలు తీసేటప్పుడు 0.5 వైడ్ వద్దు, గీతలు వంగిపోతాయి. 1ఎక్స్ పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరగండి. ఇల్లు మొత్తం ఒకటి, తలుపు ఒకటి, గడప ఒకటి, ఇంటివాళ్లు ఒప్పుకుంటే వాళ్లతో ఒకటి. నాలుగు చాలు. ఊరు, వీధి, తేదీ ఆ రాత్రే రాసిపెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. వేరేవాళ్ల ఇంటి లొకేషన్ మాత్రం బయట పెట్టకండి. "వద్దు" అంటే వద్దనే. ప్రింటు ఇస్తానని మాటిస్తే ఇవ్వండి.

దూరం వెళ్లలేకపోతే ఈ ఆదివారం మీ సొంత ఇంటితో మొదలుపెట్టండి. పగటి వెలుగులో, తలుపు మూసి ఒకటి, తీసి ఒకటి.

చెల్లెలి కూతురు ప్రాజెక్టు ఏమైందని అడుగుతారేమో. ఫోటో లేదు కాబట్టి పాపే బొమ్మ గీసింది. మేమిద్దరం ఫోన్‌లో చెబుతూ పోయాం: అరుగు ఇక్కడ, గూడు అక్కడ, గవాక్షం పైన. చివర్లో పాప అడిగింది, "తలుపుకు ఏం రంగు వేయాల మామా?"

నేను ఆకుపచ్చ అన్నా. చెల్లెలు నీలం అంది. చెప్పడానికి జేజి లేదు.