ఒకే పేజీ, వేరు వేరు పన్నాలు

ఇంట్ల కుట్టిన నాప్కిన్లు, టవళ్లు, చద్దర్లు అమ్మేటందుకు సొంతంగ వెబ్‌సైట్ చేసుకోవచ్చంట గదా, కోడ్ రాయుడు రాకున్న నడుస్తదంట గదా అని మన షోలాపూర్ పూర్వభాగ్ అక్కచెల్లెండ్లు అడుగుతున్నరు. నిజమే. వర్డ్‌ప్రెస్, ఎలిమెంటర్, విక్స్ అని పేర్లు వినే ఉంటరు. బొమ్మను పట్టి గుంజి, కావల్సిన చోట వదిలిపెట్టుడే పని. నేను చదివింది నాలుగో తరగతి, నాకే అర్థమైంది. కాని పెట్టుడు వేరు, పెట్టింది అన్ని ఫోన్లల్ల నిలబడుడు వేరు.

మగ్గం మీద పన్నా ముందే ఖాయమైతది. 60 ఇంచుల చద్దరంటే దానికి తగ్గ అచ్చు, దానికి తగ్గ పడుగు. నడుమల మార్చాలంటే మళ్ల మొదటి నుంచి పోగులు ఎక్కించాలె. వెబ్ పేజీ అట్ల కాదు. చూసేటోళ్ల తెర ఎంత పన్నా ఉందో మనకు తెల్వదు. ఆఫీసుల కంప్యూటర్ తెర 1,920 చుక్కల వెడల్పు ఉండొచ్చు, మన చేతిల ఫోను పేజీకి ఇచ్చే జాగ 360 చుక్కలే కావొచ్చు. ఒకప్పుడు చాలామంది కంప్యూటర్‌కు ఒక పేజీ, ఫోనుకు ఇంకో పేజీ విడివిడిగ చేసేటోళ్లు. 2010 ల ఈథన్ మార్కాట్ అనే డిజైనర్, ఒక్క పేజీనే తెరను బట్టి సర్దుకునేటట్టు చేయాలని వ్యాసం రాసి, దానికి 'రెస్పాన్సివ్' అని పేరు పెట్టిండు.

బిల్డర్లల్ల రెండు పద్ధతులు కనపడుతయి. ఒకదాంట్ల బొమ్మ ఎక్కడ వదిలితే అక్కడ మేకు కొట్టినట్టు ఉంటది. పై నుంచి ఇన్ని చుక్కలు, ఎడమ నుంచి ఇన్ని చుక్కలని కొలత రాసుకుంటది. చూసేటందుకు సులువు, తెర మారితేనే తిప్పలు. రెండోది డబ్బా పద్ధతి, కంటైనర్ అంటరు. ఎలిమెంటర్‌ల ఫ్లెక్స్‌బాక్స్ కంటైనర్ 2022 ల వచ్చింది. డబ్బాకు మనం చెప్పేది ముఖ్యంగ వరస. లోపలివి అడ్డంగ నిలబడాల్నా, నిలువుగనా? నడుమ ఎంత సందు? జాగ చాలకుంటే కింది వరసకు దిగాల్నా? ఈ ఆఖరిదానికి 'ర్యాప్' అని బటన్ ఉంటది. అది నొక్కకుంటే నాలుగు బొమ్మలూ ఒకే వరసల ఇరుక్కుంటయి, లేకుంటే తెర బయటికి పోతయి.

మా గల్లీల ఆరుగురు ఆడోళ్లు కలిసి 6,000 రూపాయలిచ్చి ఒక దుకాణంల పేజీ చేయించుకున్నరు. కంప్యూటర్ల పెండ్లిపందిరి లెక్క ఉంది. పై వరసల నాలుగు ఫోటోలు: నాప్కిన్, టవల్, సింగల్ చద్దర్, డబల్ చద్దర్. కింది వరసల నాలుగు ధరలు, ఏ ఫోటో కింద దాని ధర. ఫోనుల వరసలు నిలువుగ పడుతయి గదా! పై వరస మొత్తం అయిపోయినంకనే కింది వరస మొదలైతది. అంటే నాలుగు ఫోటోలు ఒకదాని కింద ఒకటి, ఆ తర్వాత నాలుగు ధరలు. ఆఖరి ఫోటో డబల్ చద్దర్, దాని కిందనే మొదటి ధర, నాప్కిన్‌ది, 40 రూపాయలు! నాందేడ్ నుంచి ఒకాయన 20 డబల్ చద్దర్లు అడిగిండు, 40 కే ఇయ్యాలని పట్టుబట్టిండు. ఆయన తప్పేముంది, ఫోనుల చూసిందే అడిగిండు. బేరం పోయింది, ఆడోళ్లకు మోసగత్తెలని మాట వచ్చింది. దుకాణపాయన దగ్గరికి పోతే "ఫోనుకు వేరే పైసలు" అన్నడు. పేజీ చూసేటోళ్లు ఫోనులనే చూస్తుంటే ఫోనుకు వేరే పైసలేంది? అంగీ కుట్టి చేతులకు వేరే కూలి అడిగినట్టే ఉంది.

మా మనవరాలు అరగంటల సరిచేసింది. ఫోటో, పేరు, ధర, ఆర్డర్ బటన్, ఈ నాలుగూ కలిపి ఒక చిన్న డబ్బ. సరుకుకొక డబ్బ చొప్పున నాలుగు. ఆ నాలుగింటినీ ఒక పెద్ద డబ్బల పెట్టి ర్యాప్ నొక్కింది. ఇప్పుడు కంప్యూటర్ల నాలుగు పక్కపక్కన, ఫోనుల ఒకదాని కింద ఒకటి. ఎట్ల దిగినా ఫోటోను ధర విడిచిపోదు.

ధరలను ఫోటో మీదనే రాయించకుండ్రి, ఫోటో చిన్నగైతే ధర కూడ చీమంత అయితది. 'ఫోనుల దాచు' అనే బటన్‌ను కూడ ఎక్కువ నమ్మకుండ్రి, కంటికి కనపడకున్న చాలాసార్లు ఆ బొమ్మ దిగుతనే ఉంటది, కొనేటోళ్ల డేటా తింటది.

తెలుగుల రాసేటోళ్లకు ఇంకోటి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషుకు చాలిన వరస సందు మనకు చాలదు. 'లైన్ హైట్' 1.2 ఉంటే పై వరస వత్తులు కింది వరస గుడులకు రాసుకుంటయి. 1.6 దాక పెంచి చూడుండ్రి. ఫోనుల రెండు డబ్బలు పక్కపక్కన పెడితే మన పొడుగు మాటలు పట్టవు, ఒక్కటే పెట్టుండ్రి.

పైసలిచ్చే ముందు మీ ఇంట్ల ఉన్న అన్నిట్ల చిన్న ఫోను తీసుకొని, చేసినాయన ముందట్నే పేజీ తెరవుండ్రి. పై నుంచి కింది దాక జరుపుకుంట పోయి, ప్రతి ఫోటో కింద దాని ధరే ఉందా, ఆర్డర్ బటన్ వేలికి అందుతుందా చూసుకోండ్రి. ఫోను అడ్డం తిప్పి ఇంకోసారి చూడుండ్రి. మిగిలిన సగం పైసలు అప్పుడిస్తమని ముందే చెప్పుండ్రి.