కుక్క కడుపులో దీపం

మనకు కడుపునొప్పి వస్తే అమ్మతో చెబుతాం. కుక్క ఎవరితో చెబుతుంది? పేగులో పుండు పడితే అది తిండి మానేస్తుంది, వాంతి చేసుకుంటుంది, ఒక మూల పడి ఉంటుంది. కొన్ని కుక్కలు ముందుకాళ్ళు నేలకు చాచి, వెనకభాగం పైకెత్తి నిలబడతాయి. ఆటకు పిలిచే కుక్క కూడా ఇలాగే వంగుతుంది. కాని అది తోక ఊపుతూ వెంటనే గెంతుతుంది. నొప్పితో ఉన్నది అలాగే ఉండిపోతుంది. పుండు నుంచి నెత్తురు కారితే విరేచనం తారులాగా నల్లగా అవుతుంది.

అయితే ఆ పుండు ఎక్కడ ఉన్నట్టు? ఎక్స్‌రేలో ఎముకలు బాగా కనిపిస్తాయి గాని, ఇటువంటి పుండు సాధారణంగా కనిపించదు. లోపలికి వెళ్ళి చూడవలసిందే.

వెళ్ళటం ఎలా? 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే డాక్టరు, కత్తులు మింగే గారడీవాడి చేత 47 సెంటీమీటర్ల తిన్నని గొట్టం మింగించాడు. గొట్టం దిగింది గాని వెలుతురు చాలలేదు. పైగా తిన్నని గొట్టం మెలికల పేగులోకి పోదు. 1954లో, పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఇంగ్లండులో హాప్కిన్స్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, సన్నని గాజుపోగుల కట్ట వంగినా దాని గుండా బొమ్మ కనిపిస్తుందని చూపాడు. అది చదివిన హిర్షోవిట్జ్ అనే డాక్టరు అమెరికాలో తోటివారితో కలిసి వంగే గొట్టం చేసి, 1957లో దాన్ని తానే మింగి చూశాడు.

ఇటువంటి గొట్టమే ఎండోస్కోపు. ఇప్పుడు దాని కొనన దీపమూ, చిన్న కెమెరా ఉంటాయి.

పరీక్షకు ముందు కుక్కను రాత్రంతా పస్తు ఉంచుతారు. మత్తుమందిచ్చి ఎడమపక్కకు పడుకోబెట్టి, గొట్టాన్ని కొరకకుండా పళ్ళ మధ్య అడ్డు పెడతారు. గొట్టం గొంతు దాటి జీర్ణకోశంలో దిగుతుంది. కాస్త గాలి ఊదితే జీర్ణకోశం బుడగలాగా విచ్చుకుంటుంది. దాని చివరి ఇరుకుద్వారం దాటితే చిన్నపేగు. మంచి పేగు లోపల మఖమలులాగా ఉంటుంది. పుండు పడినచోట గుంట, చుట్టూ ఉబ్బిన గట్టు కనిపిస్తాయి. గొట్టంలోంచే చిన్న పటకారు పంపి, గట్టు దగ్గర ఆవగింజంత ముక్క తీస్తారు. దాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే మామూలు పుండో, కాన్సరో తెలుస్తుంది. ఈ గొట్టానికి చిన్నపేగు మొదటిభాగమే అందుతుంది. అంతకన్న లోపల చూడటానికి, మాత్రలాగా మింగించే కెమెరాలు వచ్చాయి.

ఈ పుళ్ళకు కారణాలు చాలా ఉన్నవి. వాటిలో ఒకటి మన ఇంట్లో మందుల డబ్బాలోనే ఉంటుంది. కుక్క కుంటుతున్నదని జాలిపడి కొందరు తాము వాడే ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పిమాత్రలు పెడతారు. అవి జీర్ణకోశానికీ, పేగుకూ ఉండే రక్షణను దెబ్బతీస్తాయి. పుండు లోతై చిల్లుపడితే ప్రాణానికే ముప్పు. వేళకు కనిపెట్టి, ఆ మాత్ర మాన్పించి, ఆమ్లాన్ని తగ్గించే మందు ఇస్తే చాలా పుళ్ళు మానిపోతాయి.

గనక మీ మాత్రలు మీ కుక్కకు పెట్టకండి. ఎవరైనా ఇదివరకే పెట్టి ఉంటే, పశువుల డాక్టరు అడగకముందే ఆ సంగతి చెప్పండి. కుక్క చెప్పలేదు, మీరు చెప్పగలరు.