తిట్టేవాడు లెక్క చెప్పడు

ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మా తమిళనాడు ఊరు పొదటూరుపేటలో ఒకే టీవీలో రెండు రాష్ట్రాల రాజకీయం చూస్తారు. తమిళ వార్తలు అయ్యాక రిమోట్ నొక్కితే తెలుగు వార్తలు. మరమగ్గాల చప్పుడుకు మాట వినపడదని గొంతు పెంచి పెట్టుకునే ఆ టీవీలోంచి రెండు భాషల్లోనూ ఈమధ్య ఒకటే వస్తోంది: ఒకరి తల్లిని, ఇంకొకరి భార్యను, మరొకరి పుట్టుకను ఎత్తి తిట్టడం. ఇంట్లో ఆడపిల్లలుంటే వార్తలు పెట్టడానికే జంకాల్సి వస్తోంది.

నాయకులకు సంస్కారం లేదు, ఏం చేస్తాం అని పెదవి విరిచి ఊరుకోవడానికి మేము సిద్ధంగా లేము. నోరు జారి వచ్చే మాటలు కావివి. అడిగినదానికి లెక్క చెప్పకుండా తప్పించుకోవడానికి నాయకులు కనిపెట్టిన దారి ఇది. నష్టపోతున్నది తిట్టు తిన్నవాళ్ళొక్కరే కాదు, లెక్క అడగాల్సిన మనం కూడా.

సరిహద్దు దాటితే నగరి. అక్కడా మగ్గాలే, ఇక్కడా మగ్గాలే. ఆ నియోజకవర్గం పేరు పదేళ్ళుగా నేత కన్నా తిట్ల వల్లే ఎక్కువ వార్తల్లోకెక్కింది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడిపై అసభ్యంగా మాట్లాడారంటూ 2015 డిసెంబరులో నగరి ఎమ్మెల్యే రోజాను అసెంబ్లీ నుంచి ఏడాది పాటు సస్పెండ్ చేశారు. 2023 అక్టోబరులో అదే రోజాపై, అప్పటికి ఆమె మంత్రి, నీచంగా మాట్లాడినందుకు తెలుగుదేశం మాజీ మంత్రి బండారు సత్యనారాయణమూర్తి అరెస్టయ్యారు. ఈ రెండింటి నడుమ, 2021 అక్టోబరు 19న, ఒక తెలుగుదేశం ప్రతినిధి ముఖ్యమంత్రి జగన్‌ను తిట్టిన తిట్టుకు బదులుగా మంగళగిరిలోని ఆ పార్టీ కార్యాలయంపై దాడి జరిగింది. సరిగ్గా నెల తిరిగేసరికి, నవంబరు 19న, సభలో తన భార్యను అవమానించారంటూ చంద్రబాబు బయటికొచ్చి కంటతడి పెట్టుకున్నారు. ముందు ఎవరన్నారు, తర్వాత ఎవరన్నారు అన్న పంచాయితీ తెగేది కాదు. రెండు పార్టీల చేతులకూ మట్టి ఉంది.

తమిళ రాజకీయం దీనికి తీసిపోలేదు. 1989 మార్చి 25న తమిళనాడు శాసనసభలో ప్రతిపక్ష నేత జయలలితకు జరిగిన అవమానాన్ని ఇప్పటికీ ఎవరూ మరచిపోలేదు. 2021 ఎన్నికల్లో ముఖ్యమంత్రి పళనిస్వామి తల్లిని ప్రస్తావించి చేసిన వ్యాఖ్యలకు డీఎంకే నేత ఎ.రాజాను ఎన్నికల సంఘం 48 గంటలు ప్రచారానికి దూరం పెట్టింది. 2025 ఏప్రిల్‌లో మంత్రి పొన్ముడి ఆడవాళ్ళను కించపరుస్తూ మాట్లాడినందుకు డీఎంకే ఆయన పార్టీ పదవి తీసేసింది; ఆ నెలాఖరుకు మంత్రి పదవి కూడా పోయింది. పూర్వం అంతా మర్యాదే అని చెప్పుకోవడం అబద్ధమే అవుతుంది. అయితే అప్పట్లో ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి జరిగి సిగ్గుపడేలా చేసింది, ఇప్పుడు రోజువారీ కార్యక్రమమై చప్పట్లు కొట్టించుకుంటోంది.

ఈ తిట్లు మన గడప దాకా వచ్చాయి కూడా. 2024 నవంబరులో చెన్నైలో జరిగిన ఒక సభలో నటి కస్తూరి, తమిళనాట తెలుగువాళ్ళ పూర్వీకులను కించపరిచేలా మాట్లాడారు. ఆ మాటలను తర్వాత వెనక్కి తీసుకున్నా కేసులు ఆగలేదు. హైకోర్టు మదురై బెంచిలో ముందస్తు బెయిలు దొరకక, హైదరాబాదులో అరెస్టయ్యారు. ఆ మాట ముమ్మాటికీ తప్పు. తరతరాలుగా ఇక్కడే నేసి, ఇక్కడే పండించి, ఇక్కడే పన్ను కట్టేవాళ్ళను పరాయివాళ్ళనడం ఎవరికీ చెల్లదు. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాలి: ఆ వారంలో కస్తూరికి జవాబంటూ మనవాళ్ళు కొందరు వాడిన భాష ఆమె భాష కన్నా శుభ్రంగా ఏమీ లేదు. పైగా అరెస్టయ్యాక చర్చ, ఆమె అన్నది తప్పా ఒప్పా అన్నచోటు నుంచి జైలు న్యాయమా అన్నచోటుకు మళ్ళింది. తిట్టుకు పోలీసు మందు కాదని అప్పుడే తేలింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. కడుపు కాలినవాడు సౌమ్యంగా మాట్లాడాలనడం కలవారి నీతి కాదా అని. నిజమే, కోపానికి మేము అడ్డం చెప్పం. నూలు ధర పెరిగి కూలి గిట్టక మగ్గం ఆపుకున్నవాడు మంత్రిని నిలదీస్తూ గొంతు చించుకున్నా అది అమర్యాద కాదు. ఏకవచనంలో అడిగినా కాదు. అతని కోపం మంత్రి చేసిన పని మీద, చేయని పని మీద. మంత్రి దానికి బదులు చెప్పకుండా ప్రతిపక్ష నేత ఇంటి ఆడవాళ్ళ ఊసెత్తితే, అదీ అమర్యాద. మర్యాద పేరుతో ప్రశ్నించినవాడిని తెల్లవారకముందే జీపెక్కించడాన్ని కూడా మేము ఒప్పుకోం. ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అది అస్పష్టంగా ఉండి వాక్ స్వేచ్ఛను హరిస్తుందనే.

చట్టం ఈ గీతను ఎప్పుడో గీసింది. ఎదుటి పార్టీ విధానాలను, పనిని, గత చరిత్రను ఎంతైనా విమర్శించు, సొంత జీవితం జోలికి పోకు అంటుంది ఎన్నికల నియమావళి. అభ్యర్థి వ్యక్తిగత నడవడి మీద తెలిసి తెలిసి అబద్ధం చెప్పి ప్రచారం చేయడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఎన్నికల అక్రమం. నియమాలకు కొరత లేదు. అమలుకే మనసు లేదు.

దీనికన్నా పెద్ద తగాదాను ఈ నేల చూసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి తిరుత్తణి, పళ్ళిపట్టు చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. ఇటునుంచి మా.పొ.శివజ్ఞానం నడిపిన ఉత్తర సరిహద్దు ఉద్యమం, అటునుంచి ‘మద్రాసు మనదే’ నినాదం, ఆందోళనలు, అరెస్టులు. ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలన్నంత పెద్ద ప్రశ్న అది. చివరికి తేల్చింది పటాస్కర్ సూత్రం: ఊరిని యూనిట్‌గా తీసుకో, ఏ భాషవాళ్ళు ఎక్కువో చూడు, సరిహద్దు తెగకుండా కలుపు. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి ఇటొచ్చింది, సత్యవేడు అటు పోయింది. అందరికీ నచ్చిన తీర్పు కాదు. అయినా వాదన ఊళ్ళ లెక్క మీద నడిచింది గనకే తీర్పు వచ్చాక ఇరుగుపొరుగు ఇరుగుపొరుగుగానే మిగిలారు.

అంత పాత రోజులకు పోనక్కర్లేదు. కాంగ్రెస్‌ను గద్దె దించడానికే 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్, 1991లో పీవీ నరసింహారావు ప్రధాని హోదాలో నంద్యాల ఉప ఎన్నికకు నిలబడితే తెలుగుదేశం తరఫున అభ్యర్థిని పెట్టలేదు. ఆ తర్వాత కాంగ్రెస్‌పై ఆయన పోరాటం ఏమీ తగ్గలేదు. ఎదుటివాడిని గౌరవిస్తే చేతగానివాడంటారని భయపడే నేటి నాయకులు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. మరమగ్గాలకు రెండు నెలలకోసారి ఇచ్చే ఉచిత కరెంటును తమిళనాడు ప్రభుత్వం 2023లో 750 యూనిట్ల నుంచి వెయ్యికి పెంచింది. ఆ వెయ్యి యూనిట్లు ఒక చిన్న షెడ్డుకు ఎన్నాళ్ళొస్తాయి? నూలు ధర ఎగుడుదిగుడులకు అడ్డుకట్ట ఏది? పొంగల్‌కు ప్రభుత్వం ఇచ్చే పంచె, చీరల ఆర్డరు అయిపోయాక మిగతా నెలల సంగతేమిటి? సరిహద్దుకు అటు నగరిలోనూ ఇవే ప్రశ్నలు. రెండు రాష్ట్రాల టీవీ చర్చల్లో వీటి మీద గంట సేపు మాట్లాడిన నాయకుడు ఎవరైనా ఉన్నారా? తిట్టుకు దొరికే సమయం నూలుకు దొరకదు.

అందుకే మా మాట సూటిగా చెబుతున్నాం. ఆడవాళ్ళను, పుట్టుకను, భాషను తూలనాడినవాడికి ఏ పార్టీ కూడా టికెట్ ఇవ్వకూడదు, ప్రతినిధి హోదా ఉంచకూడదు. పొన్ముడి విషయంలో చేయగలిగిన పని మిగతా అందరి విషయంలోనూ చేయవచ్చు. చానెళ్ళు ఆ మాటలను పదేపదే తిప్పి చూపించడం మానాలి. అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడగాలి. పోలీసులు బెదిరింపులకు, హింసకు రెచ్చగొట్టడానికి తప్ప మిగతావాటికి దూరంగా ఉండాలి.

చివరి బాధ్యత ఓటరుది. టౌన్ పంచాయతీ వార్డుకు నిలబడేవాళ్ళు మామా, బావా అని పిలుచుకునేవాళ్ళే. వీధి చివర మీటింగులో తిట్లు మొదలైతే చప్పట్లు కొట్టకుండా కరెంటు, నూలు సంగతి అడగండి. చెప్పలేక మళ్ళీ తిట్టుకే దిగితే, ఆ మనిషి మన కులమైనా, మన భాషైనా, మన పార్టీయైనా, ఓటు వేయకండి.