సర్ఫ్ అడిగితే నిర్మా ఇచ్చిన కొట్టు

కిరాణా కొట్టు దగ్గర "సర్ఫ్ ప్యాకెట్ ఒకటివ్వండి" అని అడిగితే కొట్టాయన "ఏ సర్ఫ్?" అని ఎదురు అడగడం మన ఊళ్లలో మామూలే. "నిర్మా సర్ఫే" అంటాం మనం, అందులో తప్పేమీ తోచదు. పేరు ఒక కంపెనీది, గల్లాపెట్టెలో పడే డబ్బు ఇంకో కంపెనీది. పెద్ద కంపెనీలు పోటీదారుల మీద చేయించే విశ్లేషణల్లో లోపం ఎక్కడుంటుందో చూడాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనబడలేదు.

హిందుస్థాన్ లీవర్ మన దేశానికి సర్ఫ్‌ను తెచ్చింది 1959లో. అప్పటికి బట్టలుతకడమంటే సబ్బు బిళ్ల, బండ, చాకిరేవు. చౌడుమట్టితో ఉడకబెట్టడం ఇంకా పోలేదు. పొడి కలవారి ఇంటి వస్తువు. పదేళ్ల తర్వాత, 1969లో, అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అనే ప్రభుత్వ కెమిస్టు ఇంటి దగ్గరే ఒక పొడి కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. కూతురు నిరుపమ పేరు మీద దానికి నిర్మా అని పేరు పెట్టారు. కిలో మూడు రూపాయల చిల్లర. సర్ఫ్ ధర దానికి దాదాపు నాలుగింతలు.

అంత చవగ్గా ఎలా ఇచ్చారన్నదే అసలు కథ. సర్ఫ్ తయారీకి పెద్ద టవర్ కావాలి. చిక్కటి ముద్దను వేడిగాలిలోకి చిమ్మితే అది ఆరి గుల్లగా రాలుతుంది. నిర్మాకు టవర్ లేదు, కరెంటు ఖర్చు లేదు. సోడా యాష్‌లో నురగనిచ్చే రసాయనం పోసి మనుషులు కలిపేవారు. కరెంటు యంత్రాలు వాడని చిన్న పరిశ్రమ కాబట్టి ఎక్సైజు పన్ను నుంచి మినహాయింపూ దొరికింది. దాన్ని అట్ట డబ్బాలో కాక మామూలు ప్లాస్టిక్ సంచిలో అమ్మారు. పొడి ఘాటు ఎక్కువ, చేతులు మండేవి. కానీ సబ్బు బిళ్ల అరగదీసి అలిసిన చేతులకు ఆ మంట పెద్ద లెక్కలోది కాదు.

లీవర్ వాళ్లకు ఇది తెలియక కాదు. ప్యాకెట్టు చూశారు, పొడి పరీక్షించారు, తమ సరుకుతో పోల్చి నాసిరకమని తేల్చారు. ఆ తేల్చింది నిజమే కూడా. మైకేల్ పోర్టర్ అనే హార్వర్డ్ ఆచార్యుడు 1979లో ఐదు శక్తుల నమూనా రాశాక, ఇప్పటి పోటీదారులు, కొత్తగా దిగేవాళ్లు, బదులు సరుకులు, కొనేవాళ్లు, ముడిసరుకు ఇచ్చేవాళ్లు అంటూ గళ్లు గీసి నింపడం ప్రతి పెద్ద కంపెనీకీ అలవాటైంది. గళ్లు బాగానే ఉంటాయి. ఏ బజారుకు గీస్తున్నామన్న ప్రశ్న మాత్రం కాగితం మీద ఉండదు, గీసేవాడి బుర్రలో ఉంటుంది. డిటర్జెంట్ బజారంటే అప్పటికే పొడి కొంటున్న ఇళ్లు అనుకుంటే నిర్మా పోటీయే కాదు. దాని గిరాకీలో ఎక్కువ భాగం సబ్బు బిళ్ల వదిలి వచ్చిన ఇళ్లది. బట్టలుతికే ఇళ్లన్నీ బజారే అనుకుంటే మాత్రం నిర్మా అప్పటికే సర్ఫ్‌ను దాటిపోతోంది. 1980ల మధ్యకు అమ్మిన టన్నుల్లో నిర్మాదే మొదటి స్థానం.

లీవర్ మొదటి జవాబు టీవీలో వచ్చింది. లలితాజీ గుర్తుందిగా, కూరగాయల బేరంలో ఆరితేరిన గృహిణి. చవకకూ, మంచి కొనుగోలుకూ తేడా చెప్పేది. గొప్ప ప్రకటన, సర్ఫ్ పరువు నిలబెట్టింది. అయితే ఆమె మాట్లాడింది సర్ఫ్ కొనే స్తోమత ఉన్నవాళ్లతో. లేనివాళ్లకు ఆ తర్కంతో పనిలేదు.

అసలు జవాబు వీల్ అనే చవక పొడి, 1987లో. ఈ ప్రయత్నానికి కంపెనీ లోపల స్టింగ్ అని పేరు పెట్టుకున్నారని వ్యాపార పాఠాల్లో చెబుతారు. నిర్మా ఎదుగుదలను అడ్డుకునే వ్యూహం అనే ఇంగ్లీషు మాటలకు అది పొడి అక్షరాల పేరు. ఆ పేరు సంగతి అలా ఉంచితే, పని మాత్రం పద్ధతిగా చేశారు. ఉన్న పొడికి ధర తగ్గించలేదు. కొత్త పాళ్లు కలిపారు, నూనె భాగం తగ్గించారు, తయారీని ఒక్కచోట పెట్టకుండా పలుచోట్లకు పంచారు, చిన్న కొట్లకు సరుకు చేర్చే దారి వేరే వేశారు. ఒక రకంగా తమ ఇంట్లోనే ఒక నిర్మాను పెట్టుకున్నారు.

సి.కె. ప్రహ్లాద్, స్టువర్ట్ హార్ట్ 2002లో రాసిన వ్యాసంలో ఈ పోటీ లెక్కలు ఇచ్చారు. స్థూల లాభం చూస్తే నిర్మాకు 18 శాతం, వీల్‌కూ 18, లీవర్ ఖరీదైన పొడులకు 25. ఇక్కడే ఆగితే ఖరీదైన పొడే మేలనిపిస్తుంది. పెట్టిన పెట్టుబడి మీద రాబడి చూస్తే లెక్క తిరగబడుతుంది: నిర్మాకు 121 శాతం, వీల్‌కు 93, ఖరీదైన పొడులకు 22. తెల్లవారుజామున అప్పు తెచ్చి కూరగాయలు కొని, సాయంత్రానికి అమ్మి అసలు కట్టేసే తోపుడుబండి ఆమెకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. కిలోకు మిగిలేది తక్కువే, డబ్బు మాత్రం రోజుకో చుట్టు తిరిగొస్తుంది. ఏళ్ల తరబడి మార్జిన్ గడి మాత్రమే చూసిన మేనేజర్లకు నిర్మా చిల్లర వ్యాపారంలా కనబడిందంటే ఆశ్చర్యం లేదు. నా దృష్టిలో లీవర్ చేసిన పెద్ద తప్పు ఇదే. ఆలస్యంగా మేలుకోవడం దీని తర్వాతిది.

దిద్దుకున్న తీరు మెచ్చుకోదగ్గదే. ఈ అనుభవాన్నే మాతృసంస్థ యూనిలీవర్ 1990లలో బ్రెజిల్‌కు తీసుకెళ్లి, అక్కడి పేదల కోసం ఆలా అనే పొడి తెచ్చింది.

కానీ కంపెనీ జ్ఞాపకం చిన్నది. 2004లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఏరియల్, టైడ్ ధరలను ఒక్కసారిగా కోసేసింది. లీవర్ కూడా సర్ఫ్ ఎక్సెల్ ధర తగ్గించింది. ఆ ఏడాది లాభాలకు గట్టి దెబ్బ. పత్రికలు దాన్ని రెండు ఏనుగుల కొట్లాటగా రాశాయి, రెండు కంపెనీలూ అలాగే ఆడాయి. కొట్లాట ఖరీదైన అరలో జరుగుతోంది. పై అరలో ఇంత గొడవైతే కింది అరలో ఏం జరుగుతోందో చూసే తీరిక ఎవరికుంటుంది? మన దగ్గర గుంటూరు ట్రిపుల్ ఎక్స్ సబ్బు ఇంటింటి పేరైందీ పెద్దవాళ్ల నీడలోనే. అలాంటి ప్రాంతీయ సరుకులు దేశంలో ఎన్నో ఉన్నాయి. మార్కెట్ నివేదికల్లో వాటన్నిటినీ కలిపి 'ఇతరులు' అనే ఒకే వరసలో పడేస్తారు.

ఆ 'ఇతరుల్లో' ఒకటి కాన్పూరు నుంచి వచ్చిన ఘడీ. నిర్మాను ఆపడానికి పుట్టిన వీల్‌ను 2010ల మొదట్లో మార్కెట్ వాటాలో దాటిపోయింది నిర్మా కాదు, టైడ్ కాదు, ఘడీ.