రాత్రి దగ్గుకి సాక్షి ఎవరు?

ఐదేళ్ళలోపు పిల్లల్లో ఉబ్బసాన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. ఎక్స్‌రేలో అది కనపడదు. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల శక్తిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష ఆ వయసు పిల్లలు సరిగ్గా చెయ్యలేరు. కాబట్టి డాక్టరు ముఖ్యంగా మూడు విషయాల మీద ఆధారపడాలి: బిడ్డకి ఇప్పటిదాకా ఏం జరుగుతూ వచ్చింది, కుటుంబంలో ఎవరికేముంది, పీల్చే మందు ఇచ్చి చూస్తే గుణం కనిపించిందా లేదా. ఇవి చెప్పగలిగేది బిడ్డని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే మనిషే. మన సమాజంలో ఆ మనిషి తల్లి, లేదా అమ్మమ్మ, నాయనమ్మ, ఒక్కోసారి చదువు మానిపించిన అక్క. అంటే ఈ జబ్బు విషయంలో వైద్యశాస్త్రమే స్త్రీ మాటని సాక్ష్యంగా ఒప్పుకుంటోంది. ఒప్పుకోనివి మన ఆస్పత్రులూ, మన ఇళ్ళూ.

ఉబ్బసం వచ్చిపోయే జబ్బు. రాత్రి మూడింటికి కూచోబెడితే తప్ప ఊపిరాడని పిల్ల పొద్దున పదకొండింటికి ఓపీ వరసలో ఆడుకుంటూ ఉండొచ్చు. స్టెతస్కోపు పెడితే ఏమీ వినిపించకపోవచ్చు. అప్పుడు చీటీ మీద 'జలుబు' అని పడుతుంది, ఒక యాంటీబయాటిక్, ఒక దగ్గు సీసా రాస్తారు. "రాత్రంతా ఎగపోస్తోందండీ" అన్న తల్లికి "నువ్వు ఊరికే కంగారు పడకమ్మా" అని జవాబు. పక్కనే భర్త ఉంటే ప్రశ్నలు అతన్ని అడుగుతారు. రాత్రి నిద్రపోయినవాడు సాక్షి, మేలుకున్నది మాత్రం 'కంగారు మనిషి'! మళ్ళీ నెలకి అదే దగ్గు, అదే సీసా. ఈ సీసాలు ఊరికే ఖర్చు మాత్రమే కాదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విషరసాయనం కలిసిన దగ్గు మందు తాగి చిన్నపిల్లలు చనిపోయారు. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దనీ, ఐదేళ్ళలోపు వాళ్ళకి మామూలుగా అవసరం లేదనీ ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పాల్సి వచ్చింది.

ఏం గమనించాలి?

తల్లులకి ఈ జబ్బు కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో 'దమ్ము' అంటారు, మరోచోట 'ఆయాసం', 'ఎగశ్వాస' అంటారు. ఛాతీలోంచి వచ్చే ఈల శబ్దాన్ని 'పిల్లికూతలు' అంటారు. ఈ మాటలు ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోవు. మనం చెయ్యవలసింది వాటిని క్రమంలో పెట్టటం.

దగ్గు మళ్ళీ మళ్ళీ వస్తోందా? రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువవుతోందా? పరిగెత్తినా, పగలబడి నవ్వినా, గట్టిగా ఏడ్చినా దగ్గుతెర వస్తోందా? జలుబు చేసిన ప్రతిసారీ అది ఛాతీలోకి దిగి, పది రోజులు దాటినా తగ్గటం లేదా? ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తున్నాయా? తోటి పిల్లలతో ఆడుతూ ఆడుతూ మధ్యలో కూచుండిపోతోందా, ఎత్తుకోమంటోందా? పొగ, దుమ్ము, వాన ముసురు, చలిగాలి తగిలినప్పుడు ఎక్కువవుతోందా? తల్లికో తండ్రికో ఉబ్బసం ఉందా? బిడ్డకి ఒంటి మీద దురద పొక్కులు, ఆగని తుమ్ములు ఉన్నాయా? వీటిలో కొన్ని కలిసి పదేపదే కనిపిస్తుంటే ఉబ్బసం అయుండొచ్చునని అనుమానించాలి.

అయుండొచ్చు అనే అంటున్నాను. చిన్నపిల్లల్లో చాలామందికి వైరస్ జలుబులతో పిల్లికూతలు వస్తాయి, పెరిగేకొద్దీ పోతాయి. ఆడుకుంటున్న బిడ్డకి ఉన్నట్టుండి పొలమారి దగ్గు మొదలైతే వేరుశనగ గింజలాంటిది ఊపిరిగొట్టంలో పడిందేమో చూడాలి. బరువు తగ్గుతూ, జ్వరం వస్తూ ఉండే దగ్గు ఉంటే క్షయ గురించి ఆలోచించాలి. తేల్చటం డాక్టరు పని. కానీ తేల్చటానికి కావలసిన ఆధారం తల్లి దగ్గర ఉంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. పక్కటెముకల మధ్య, డొక్కల కింద చర్మం లోపలికి గుంటలు పడటం, ముక్కుపుటాలు ఎగరటం, మాట్లాడలేకపోవటం, పాలు తాగలేకపోవటం, పెదవులు నీలంగా మారటం, బిడ్డ మత్తుగా వాలిపోవటం. అంతసేపూ వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి బిడ్డ ఇంకా నీరసించిపోతే అది తగ్గినట్టు కాదు, గాలి ఆడటం లేదని. 108కి ఫోన్ చెయ్యాలి. అత్త ఒప్పుకునేదాకా, భర్త డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగనక్కరలేదు. బిడ్డని ఆస్పత్రికి తీసుకుపోవటానికి ఎవరి అనుమతీ అక్కరలేని పరిస్థితి తల్లికి ఉందా అన్నది వైద్యప్రశ్న కాదు, హక్కుల ప్రశ్న.

నింద ఎవరి మీద?

బిడ్డ దగ్గగానే విచారణ మొదలవుతుంది. తలకి నీళ్ళు పోశావు, చల్లగాలికి తిప్పావు, పాలిచ్చేదానివి పెరుగు తిన్నావు. బాలింతకి పథ్యం పేరుతో మరో నాలుగు పదార్థాలు తగ్గుతాయి. ఉబ్బసం తల్లి తిన్న పెరుగు వల్ల రాదు. శ్వాసనాళాలు వాచి, చిన్న ప్రేరేపణకే బిగుసుకుపోవటం వల్ల వస్తుంది. దాన్ని రేపేవాటిలో తండ్రి కాల్చే బీడీ ఉంది, సిగరెట్ ఉంది, కట్టెల పొయ్యి పొగ ఉంది, దోమల చుట్ట ఉంది. తల్లి తిండి మీద ఇంత నిఘా పెట్టే కుటుంబం తండ్రిని బయటికి వెళ్ళి కాల్చమని ఎందుకు చెప్పలేకపోతోంది?

పొయ్యి సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 58.6 శాతం ఇళ్ళే శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్నాయి. మన రెండు రాష్ట్రాలూ ఈ సగటు కంటే మెరుగే. కానీ గ్యాసు ఉన్న ఇంట్లో కూడా సిలిండర్ ధరకి భయపడి నీళ్ళకీ, పప్పుకీ కట్టెలే పెడుతున్న ఆడవాళ్ళు మనందరికీ తెలుసు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే తల్లి చాట పక్కనే బిడ్డ పడుకుంటుంది. పొగాకు దుమ్ము ఆ ఇంటి గాలి. అక్కడ "బిడ్డని దుమ్ముకి దూరంగా ఉంచు" అని సలహా ఇచ్చి ఊరుకోవటం వెక్కిరించటమే.

ఆడపిల్లయితే మరో చిక్కు. 'ఉబ్బసం' అన్న మాట బయటికి పొక్కితే రేపు పెళ్ళి కాదని పేరే పలకరు. పీల్చే మందు నలుగురిలో వాడితే గుట్టు బయటపడుతుందని మాత్రలతో సరిపెడతారు. ఇన్‌హేలర్ అలవాటవుతుందన్న భయం ఒకటి. అది అబద్ధం. మందు నేరుగా శ్వాసనాళాల్లోకి వెళుతుంది కాబట్టి మాత్ర, సిరప్‌లలో కంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. చిన్నతనంలో ఉబ్బసం మగపిల్లల్లో ఎక్కువ, యవ్వనం తర్వాత స్త్రీలలో ఎక్కువ. అంటే దాచిపెట్టిన జబ్బుని ఆమె అత్తింటి వంటగదిలో, పొగలో, మోయవలసి వస్తుంది.

ఏటా మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో వేలమంది కొర్రమీను చేపపిల్లతో మందు మింగటానికి వరసకడతారు. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు దాని శాస్త్రీయతని ప్రశ్నించాక 'చేపమందు' కాస్తా 'చేప ప్రసాదం' అయింది. ఆ వరసలో బిడ్డని చంకనెత్తుకుని నిలబడ్డ తల్లిని మూఢురాలని హేళన చెయ్యటం నాకు సమ్మతం కాదు. ఆమె ఆస్పత్రి గడప తొక్కకుండా రాలేదు, తొక్కి తొక్కి విసిగి వచ్చింది. ఆ ఒక్కరోజు కోసం చేపపిల్లలూ, బారికేడ్లూ, పోలీసులూ సమకూర్చగలిగిన ప్రభుత్వాన్ని అడగవలసిన ప్రశ్న వేరు: మిగిలిన 364 రోజులూ మా మండల ఆస్పత్రిలో ఇన్‌హేలర్ ఉంటుందా? సాల్బుటమాల్, బుడెసొనైడ్ పీల్చే మందులు 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. 2019 అంచనాల ప్రకారం ప్రపంచ ఉబ్బస రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతం, ఉబ్బస మరణాల్లో 40 శాతం పైచిలుకు. ఈ తేడా జబ్బుది కాదు. అందని మందుది, ఆలస్యంగా పెట్టిన పేరుది.

ఇదంతా తల్లి నెత్తిన మరో పని పెట్టటమే కదా అని మనలో కొందరంటారు. మాతృత్వాన్ని ప్రశ్నించిన మనమే తల్లిని నర్సుని చేస్తున్నామా? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. కానీ ఆ పని ఆమె ఇప్పటికే చేస్తోంది, గుర్తింపు లేకుండా. రాత్రి కాపలా తండ్రి కూడా పంచుకోవాలి. ఆ కాపలాలో తెలిసిన విషయానికి విలువ కట్టాలి. రెండూ కలిపి అడగాలి.

సంఘాల సమావేశాల్లో ఈ పని మొదలుపెడదాం. తేదీ, ఎన్నింటికి దగ్గు వచ్చింది, అంతకుముందు ఏం జరిగింది, ఏ మందుకి తగ్గింది – ఈ నాలుగూ నోటుపుస్తకంలో రాయిద్దాం. చదువురాని తల్లి క్యాలెండరులో దగ్గిన రాత్రికి చుక్క పెట్టినా చాలు. ఫోనుంటే పిల్లికూతల్ని, ఎగిరే డొక్కల్ని వీడియో తీసి డాక్టరుకి చూపించొచ్చు. న్యుమోనియా కోసం ఊపిరి లెక్కపెట్టటం నేర్చుకున్న ఆశా కార్యకర్తకి ఉబ్బసం గుర్తులు కూడా నేర్పాలి, ఆ అదనపు పనికి డబ్బు ఇవ్వాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్‌హేలరు, పిల్లల మాస్కు, స్పేసరు ఉచితంగా ఉండాలి. స్పేసరు ఖరీదన్న సాకు చెల్లదు: అర లీటరు ప్లాస్టిక్ సీసాతో చేసిన స్పేసరు కూడా పనిచేస్తుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లోనే చూపించారు.

ఓపీ గదిలో తల్లి చెప్పిన మాట చీటీ మీద తల్లి చెప్పినట్టుగా రాయాలని అడుగుదాం. రాసేదాకా కుర్చీలోంచి లేవొద్దని తల్లులకి చెబుదాం.